ఎనభై దగ్గరి అదురు

లోడుతో రాయ్‌పూర్ వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు. సరుకు దింపేసి, ఖాళీ పికప్‌తో జాతీయ రహదారి 53 మీద భిలాయి తిరిగొస్తుంటే, స్పీడు 75 దాటాక సీటు కింద సన్నగా అదురు మొదలవుతుంది. 80 దగ్గర అద్దంలో వెనక బండి బొమ్మ చెదురుతుంది. 90కి పోతే తగ్గుతుంది. స్టీరింగు మాత్రం నిమ్మళంగానే ఉంటుంది. షెడ్డులో చెబితే మొదట వీల్ బ్యాలెన్సింగ్ చేయించమంటారు. ఆ తర్వాత టైర్లు, ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు మారుస్తారు. డబ్బు పోతుంది, అదురు పోదు. ఆఖరికి “నీ అనుమానం బాబూ” అనేస్తారు.

ఇది అన్యాయమైన మాట. పొద్దస్తమానం అదే సీట్లో కూర్చునే మనిషి నడుముకీ అరికాలికీ తెలిసినంత, నిలబడ్డ బండి కింద దూరి చూసేవాడికి తెలియదు. షెడ్డులో ఆ అదురు ఉండదు కదా!

కొంచెం లెక్క వేస్తే డ్రైవరు మాట ఎంత విలువైనదో అర్థమవుతుంది. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. పికప్ టైరు చుట్టుకొలత 2.2 మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి చక్రం సెకనుకి 10 సార్లు తిరుగుతుంది. వెనక యాక్సిలు క్రౌన్ నిష్పత్తి నాలుగు అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 40 సార్లు తిరుగుతుంది. లోపం చక్రంలో ఉంటే కుదుపు విడివిడిగా తెలుస్తుంది. షాఫ్ట్ బ్యాలెన్సు తప్పితే జుమ్మంటుంది. జాయింటు కోణం తేడా వస్తే సెకనుకి 80 అదుర్లు, అది ఒంటికన్నా చెవికే ముందు అందుతుంది. అదే వేగంలో ఐదో గేరు నుంచి నాలుగుకి దించినా అదురు మారకపోతే ఇంజన్ని అనుమానించే పని లేదు.

అద్దం చెదరడం చూసి అద్దం బిగించేవాళ్లూ ఉన్నారు. అదిరేది ఒకటి, అదిరించేది మరొకటి. ఎక్కడో పుట్టిన కంపనం, తన లయకి సరిపడే వస్తువు దొరికిన చోట పైకి తేలుతుంది.

షాఫ్ట్ చివర్లలో ఉండే క్రాస్ జాయింటు గుణాన్ని 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ పరిశీలించాడు. రెండు షాఫ్టులు కోణంలో కలిస్తే, మొదటిది సమంగా తిరిగినా రెండోది ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. అవతలి చివర అంతే కోణంలో మరో జాయింటు ఉండి, రెండు యోకులూ ఒకే వరసలో కుదిరితే ఆ హెచ్చుతగ్గులు చెల్లిపోతాయి. రోలింగ్ మిల్లుల్లో రోలర్లని తిప్పే స్పిండిళ్లకీ ఇదే సూత్రం. 1955 ఒప్పందంతో సోవియట్ సాయంగా మొదలై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించి, దేశానికి రైలు పట్టాలు తయారుచేసి ఇస్తున్న ఉక్కు ప్లాంటున్న భిలాయికి ఇది పరాయి విద్య కాదు. ప్లాంటు పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో, ఇలాంటి యంత్రాల మధ్యే జీవితం గడిపిన పెద్దలున్నారు.

అసలు సంగతి డ్రైవరు మొదటి రోజే చెప్పాడు. “లోడుంటే లేదు మేస్త్రీ, ఖాళీగా వస్తుంటేనే.” పట్టించుకోవలసిన మాట అదొక్కటే. ఇనుము మోయడానికి వెనక కమాను కట్టల్లో అదనపు పట్టీలు వేయిస్తారు. బరువు పడితే అవి అణిగి షాఫ్ట్ దారికొస్తుంది. బరువు దిగితే వెనక భాగం ఎత్తుకుని, క్రౌన్ ముక్కు దగ్గరి కోణం గేరుబాక్సు వైపు కోణంతో పొసగదు. క్రాసులు కొత్తవే, షాఫ్ట్ తిన్ననిదే, బేరింగు బాగున్నదే. ఏ భాగాన్ని విప్పి బల్ల మీద పెట్టినా తప్పు కనిపించదు, ఎందుకంటే అది ఏ భాగంలోనూ లేదు. రెండు కోణాల పొత్తు చెడింది. విప్పి చూసే అలవాటున్న బుద్ధికి ఇలాంటి తప్పు అందడం కష్టం. మనుషుల మధ్య వచ్చే తేడాల్లోనూ ఎవరిది తప్పని వెతికి వెతికి అలసిపోవడానికి కారణం ఇదే కావచ్చు.

యాక్సిలుకీ కమాను కట్టకీ మధ్య, కొలిచి, ఒకటి రెండు డిగ్రీల వాలున్న ఇనప పలక పెడతారు. లేదంటే అదనపు పట్టీ ఒకటి తీసేస్తారు. యూ బోల్టులు బిగించాక మేస్త్రీ తానే పక్క సీట్లో కూర్చోవాలి. ఖాళీ బండితో, 80లో, అదే రోడ్డు మీద చూడాలి. లోడు వేసి చూస్తే ఏమీ తెలియదు.