చెమర్చే కుండ

రావికమతం నుంచి ఏటికొప్పాక పెద్ద దూరం కాదు. రెండూ ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోవే. అంకుడు కర్రకు లక్క పట్టించి చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటికి సహజ రంగుల్ని తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇటు రావికమతం వైపు కుమ్మరి కుండను మాత్రం అంతగా పట్టించుకున్నవాళ్లు లేరు. పనితనంలో తక్కువా అంటే, కాదనే అంటాను.

బొమ్మను దాచుకుంటాం, కుండను వాడేస్తాం. అది పగిలితే ఇంకోటి తెచ్చుకుంటాం. చేసిందెవరని అడగం. కుమ్మరి ఇంట పుట్టిందని చెప్పుకునే మొల్ల పద్యాలు నేటికీ చదువుతున్నాం. ఆ ఇంటి కుండలు ఏ మట్టిలో కలిశాయో! అయినా ఆ పగలడం మీదే కుమ్మరి బతుకు నడిచింది. పగలని ప్లాస్టిక్ బిందె వచ్చి ఆ బతుకును దెబ్బకొట్టింది.

నిజానికి కుండంత కష్టమైన వస్తువు లేదు. చెరువు మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, కాళ్లతో తొక్కాలి. సారె మీద లేచేది సగం కుండే. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ పోతే గోడ పలచబడి పొట్ట తేలుతుంది. ఆవంలో కాలాక కూడా గోడలో కంటికి ఆనని సందులు మిగులుతాయి. వాటిగుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. స్టూడియోల్లో 1200 డిగ్రీలు దాటించి, గాజుపూతతో కాల్చే పాత్రలో ఆ సందులు మూసుకుపోతాయి. చూడ్డానికి బాగుంటుంది, నీళ్లు చల్లబడవు. ఆర్ట్ గ్యాలరీలో మంచినీళ్లు అడిగేదెవరు లెండి.

గుజరాత్‌లోని వాంకానేర్ కుమ్మరి మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి ఈ చెమర్చే గుణాన్నే నమ్ముకున్నాడు. 2001 భూకంపం తర్వాత, పగిలిన కుండ ఫొటో వేసిన ఒక పత్రిక దాన్ని పేదవాడి ఫ్రిజ్ అంది. ఆ మాట ఆయనకు పట్టుకుంది. కొన్నేళ్లకు కరెంటు అక్కర్లేని మట్టి ఫ్రిజ్ చేసి, మిట్టికూల్ పేరుతో అమ్మాడు. పైన నీళ్లు, కింద కూరగాయలు. మన కూజా చేసే పనే. అంతకుముందు పెంకుల ఫ్యాక్టరీలో చూసిన అచ్చుయంత్రాన్ని మట్టి పెనాలకు వాడుకున్నవాడాయన. కొత్త మట్టి వెతకలేదు, జనానికి ఏం కావాలో చూశాడు.

ఆయన్ని చూపించి మన కుమ్మరిని నువ్వూ అలా ఎదగవయ్యా అనడం తేలిక. కానీ అందుకు చెరువులో మట్టి తీసుకోనివ్వాలి, కట్టెలు దొరకాలి, నాలుగుసార్లు ఆవం చెడినా తట్టుకునే అప్పు పుట్టాలి. సృజన అనే పెద్దమాట కింద ఈ చిల్లర ఖర్చులే ఉంటాయి. ఇప్పుడు పట్నంలో మట్టి సీసాలు, బిర్యానీ కుండలు కొంటున్నారు. అక్కడిదాకా సరుకు పగలకుండా చేర్చే బండి దొరికితే చాలు, పేరెందుకు అంటాడేమో మన కుమ్మరి. నాకు మాత్రం కుండ అడుగున పేరు కూడా చెక్కితే బాగుండనిపిస్తుంది.