నాలుగు లంగరులు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:27–32



స్వస్థలములు విడిచి, బొగ్గు గనుల యొద్దను, మిల్లుల యొద్దను, పట్టణములలోను స్థిరపడిన మన సంఘములలో రవాణా పని మీద బ్రదుకు కుటుంబములు అనేకము ఉన్నవి. లారీ నడుపువారు, క్లీనరుగా వెళ్లు పిల్లలు, ఒకటి రెండు బండ్లు కొని తిప్పు యజమానులు, బండి చప్పుడు కొరకు తెల్లవార్లు చెవి యొగ్గి పడుకొను తల్లులు, భార్యలు ఆదివారమున మన ప్రక్కనే కూర్చుండువారే. గనుక రాత్రివేళ ఇరుకు రహదారి మీద పెద్ద బండ్లు నడుపుటను గూర్చి ఈ నెల ధ్యానింతము. ఇది లోకసంబంధమైన సంగతి, ప్రసంగమునకు తగదు అని ఎవరును తలంచవద్దు. మన దేశములో 2022వ సంవత్సరము ఒక్కదానిలోనే రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. దేవుడు ఇచ్చిన ప్రాణములు ఇన్ని రోడ్డు మీద పోవుచుండగా సంఘము మాట్లాడకుండుట తగునా?

సిరోంచ దారి

దృష్టాంతముగా సిరోంచ ప్రాంతమును తీసికొందము. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొన. అయినను ఊళ్లలో వినబడునది ఎక్కువగా తెలుగే. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోట, కాళేశ్వరమునకు ఎదురుగా సిరోంచ ఉన్నది. వంతెనలు కట్టకముందు పడవలే దిక్కు. ఇప్పుడు రెండు జాతీయ రహదారులు అక్కడ కలియుచున్నవి. ఒకటి నిజామాబాదు నుండి మంచిర్యాల, చెన్నూరు మీదుగా వచ్చి, అంకీస, ఆసరెల్లి దాటి, ఇంద్రావతి అవతల భోపాలపట్నము, జగ్దల్‌పూరు వైపు పోవును. మరొకటి గడ్చిరోలి నుండి ఆలాపల్లి, రేపన్‌పల్లి, జిమల్‌గట్ట మీదుగా దిగి వచ్చును. ఆలాపల్లికిని సిరోంచకును నడుమ సుమారు 100 కిలోమీటర్లు, చాలవరకు అడవియే. అనేక సంవత్సరములు ఆ దారి గుంటలతో నిండియుండెను.

వెనుకటి దినములలో అక్కడ రాత్రి బండి కదపకుండ ఆపినది భయము. 2016 డిసెంబరులో సూర్జాగఢ్ కొండ యొద్ద ఇనుప ఖనిజము మోయు లారీలను డజన్ల కొద్దీ తగులబెట్టిరి. తరువాత కాలములో ఖనిజము తీయుట పెరిగి, ఆ వైపు దారులలో లారీల వరుసలు పెరిగినవి. ఈ దరిని మహదేవ్‌పూర్, కాటారము మీదుగా గోదావరి ఇసుక లారీలు రాత్రింబగళ్లు తిరిగినవి. ఒక భయము తగ్గినచోట మరియొక అపాయము వచ్చి కూర్చుండెను. తుపాకి భయమునకు బండి ఆపినవాడు నిద్రకు ఆపుటలేదు.

వాగ్దానమును లంగరును

ఇప్పుడు వాక్యభాగమునకు వత్తము. పౌలును ఖైదీగా రోమాకు తీసికొనిపోవు ఓడ తుపానులో చిక్కుకొన్నది. పదునాలుగవ రాత్రి, సగము రాత్రివేళ, దరి దగ్గరపడినదని నావికులు ఊహించిరి. వారు ఊహతో ఆగిపోలేదు. బుడుదు వేసి చూచిరి. మొదట 20 బారల లోతు, కొంచెము ముందుకు పోగా 15 బారలు. రాళ్లకు కొట్టుకొందుమేమో అని భయపడి, ఓడ వెనుకనుండి నాలుగు లంగరులు దింపి, ఎప్పుడు తెల్లవారునా అని ఎదురుచూచిరి.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఆ రాత్రికి ముందే దేవదూత పౌలు ప్రక్కన నిలిచి, ఓడలోని ఒక్క ప్రాణమైనను పోదని అభయమిచ్చెను. పౌలు ఆ మాట అందరికిని చెప్పెను. అట్లయితే లంగరులెందుకు? వాగ్దానమున్నది గదా, చీకటిలోనే సాగిపొండి అని పౌలు అనలేదు. దేవుని వాగ్దానమును, నావికుని లంగరును ఒకే ఓడలో ఉండెను. వాటికి విరోధము లేదు.

మన డ్రైవరు సహోదరులు అనేకులు బండి అద్దము మీద ప్రభువు నామము వ్రాయించుకొందురు. ప్రార్థించి స్టీరింగు పట్టుదురు. మంచిదే. అయితే రెండు రాత్రులు నిద్రలేని కన్నులతో, అరిగిన బ్రేకులతో బయలుదేరి, దేవుడే చూచుకొనును అనుట విశ్వాసము కాదు. దేవాలయ శిఖరము మీదనుండి దుముకుము, దూతలు పట్టుకొందురు అని అపవాది చెప్పినప్పుడు మన ప్రభువు దానిని దేవుని శోధించుట అనెను (మత్తయి 4:5–7). మన పితరుల సాక్ష్యమును తలంచుకొనుడి. 1876–78 కరవులో క్లౌ దొరగారు ఆకలిగొన్నవారి కొరకు ప్రార్థించి ఊరకుండలేదు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని వారికి పనియు కూలియు కల్పించిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందుటకు ముందు పార పట్టిన చేతులున్నవి. ప్రార్థించువాడు సాధనమును విడువడు.

గనుక మనమును నాలుగు లంగరులు వేయుట నేర్చుకొందము.

మొదటి లంగరు: వెలుగును మించని వేగము

నావికులు లోతు కొలిచినట్లు మనము దారిని కొలుతము. ఇరుకు రహదారి వెడల్పు 5.5 మీటర్లనుకొనుడి. చట్టము ఒప్పుకొను లారీ వెడల్పు 2.6 మీటర్ల వరకు. రెండు లారీలు ఎదురైనప్పుడు మిగులునది 30 సెంటీమీటర్లు, అనగా జానెడు కంటె కొంచెము ఎక్కువ. ప్రక్క అద్దములకే అది చాలదు. ఎవరో ఒకరు చక్రము మట్టి మీదికి దింపవలెను. వానకాలములో ఆ మట్టి మెత్తబడి, లోడు ఒరిగి, బండి పల్టీ కొట్టును.

డిమ్ చేసిన లైటు మనకు చక్కగా చూపునది దాదాపు 40, 50 మీటర్లే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. అపాయము కనబడి, కాలు బ్రేకు మీదికి పోయి, బండి నిలుచుటకు రోడ్లు వేయు ఇంజనీర్లు లెక్కించు దూరము ఆ వేగమున 80 మీటర్లు. 40 కిలోమీటర్ల వేగమున 45 మీటర్లు. అనగా 60లో పోవు డ్రైవరు తాను చూడని చోటికి ముందే చేరిపోయినాడు. ఆ చూడని చోట లాంతరు లేని ఎడ్లబండి ఉండవచ్చును. తడినేల విడిచి వెచ్చని తారు మీద పండుకొన్న పశువులుండవచ్చును. చెడిపోయి నిలిచిన లారీ ఉండవచ్చును.

కీర్తనకారుడు దేవుని వాక్యమును పాదములకు దీపముగా ఎంచెను (కీర్తన 119:105). పాదముల దీపము పది మైళ్ల దూరము చూపదు, వేయబోవు అడుగును చూపును. దాని వెలుగు మేరకే నడచువాడు తొట్రిల్లడు. బండికిని అదే నియమము: మీ లైటు చూపినంత దూరములో ఆపగలిగిన వేగమే మీ వేగము.

రెండవ లంగరు: నిద్ర

త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించుచుండగా ఐతుకు అను యౌవనుడు కిటికీలో కూర్చుండి నిద్రపట్టి మూడవ అంతస్తునుండి పడిపోయెను (అపొ. కార్య. 20:7–12). ఆ మేడగదిలో అనేక దీపములు వెలుగుచుండెనని లూకా వ్రాసెను. దీపములెన్ని ఉన్నను నిద్ర ఆగలేదు. అపొస్తలుని ప్రసంగము కూడ దానిని ఆపలేదు. ఇంక బీడీ, టీ, పెద్దగా పెట్టిన పాటలు ఆపునా? చల్లగాలి కొరకు దించిన అద్దము ఆపునా? అర్ధరాత్రి దాటినది మొదలు తెల్లవారువరకు దేహము నిద్రనే కోరును. కన్ను మూడు సెకనులు మూతపడినయెడల, 60 వేగమున బండి 50 మీటర్లు నడుపువాడు లేకుండ పోవును. నిద్రకు మందు నిద్రయే.

పౌలు ఐతుకును గద్దించినట్లు మనము చదువము; కౌగిలించుకొనెను. అలసి బదరీవృక్షము క్రింద పడుకొన్న ఏలీయాను దేవుడు మందలింపలేదు; దూతచేత రొట్టె ఇప్పించి మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19:5–8). నిద్ర సోమరితనము కాదు. ఆవులింతలు మొదలైనప్పుడు, గడచిన రెండు కిలోమీటర్లు గుర్తులేనప్పుడు, వెలుతురున్న ధాబా యొద్దనో పెట్రోలు బంకు యొద్దనో బండిని రోడ్డు దించి ఆపి పండుకొనుటయే విధేయత.

మూడవ లంగరు: పొరుగువాని కన్నులు

గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయరాదని ధర్మశాస్త్రము (లేవీ. 19:14). రాత్రి దారిలో ఎవరు గ్రుడ్డివారు? డిప్పర్ కొట్టక పూర్తి వెలుగుతో ఎదురు వచ్చువాడు, అవతలి డ్రైవరును కొన్ని సెకనులు గ్రుడ్డివానిని చేయుచున్నాడు. బండి చెడినప్పుడు మన డ్రైవర్లు వెనుక రాళ్లు పేర్చి కొమ్మలు పెట్టుదురు. రిపేరైన తరువాత రాళ్లు అక్కడనే విడిచి పోవుదురు. వెనుక వచ్చు మోటారు సైకిలువానికి అవి సమాధి రాళ్లు. పేర్చిన చేయియే వాటిని తీసివేయవలెను. నిలిపిన బండి వెనుక ఎఱ్ఱ రిఫ్లెక్టరు త్రికోణము పెట్టుడి, పార్కింగు లైట్లు వెలిగించుడి, వెనుక రిఫ్లెక్టరు టేపు మీది బురద తుడువుడి. వీటికి ఖర్చు కొద్ది. పొరుగువానిని ప్రేమించుట ఒక్కొక్కప్పుడు గుడ్డపేలికతో టేపు తుడుచుటయే.

నాలుగవ లంగరు: యజమానుని మనస్సాక్షి

ఓడ ఆ తుపానులో పడుటకు కారణమేమి? ప్రయాణమునకు కాలము దాటిపోయినదని పౌలు ముందే హెచ్చరించెను. అయితే శతాధిపతి పౌలు మాట కంటె నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను (27:9–11). నేటికిని అనేక ప్రమాదములు స్టీరింగు యొద్ద కాదు, ట్రిప్పు లెక్క వ్రాయు బల్ల యొద్ద ఆరంభమగుచున్నవి. రేపు ఉదయమునకు లోడు దిగకపోతే బత్తా కోయుదుననువాడు, డ్రైవరు నిద్రను కోయుచున్నాడు. మోటారు రవాణా కార్మికులకు దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలకు మించిన పని ఉండరాదని 1961లోనే మన దేశము చట్టము చేసెను. దానికి బహు ముందే మోషే ధర్మశాస్త్రము ఎద్దుకును దాసునికిని విశ్రాంతిదినము నియమించెను.

పొడుచు ఎద్దును గూర్చిన ఆజ్ఞ చదువుడి (నిర్గమ. 21:28–29). ఎద్దు ఎన్నడును పొడువనిదైతే యజమానుడు నిర్దోషి. అది పొడుచునని తెలిసి, హెచ్చరిక పొందియు కట్టివేయకపోతే దోషము యజమానునిది. బ్రేకు పట్టుటలేదని, టైరు అరిగినదని, లోడు ఎక్కువైనదని డ్రైవరు చెప్పినయెడల, ఆ యజమానునికి హెచ్చరిక అందినట్లే. ఆ రాత్రి ఏమి జరిగినను, డ్రైవరు తప్పు అని దేవుని యెదుట చెప్పి తప్పించుకొనలేడు.

పడవ త్రాళ్లు కోయుడి

లంగరులు వేసిన తరువాత మరియొక సంగతి జరిగెను. నావికులు చిన్న పడవను దింపి రహస్యముగా పారిపోజూచిరి. వీరు ఓడలో ఉంటేనే తక్కినవారు బ్రదుకుదురని పౌలు చెప్పగా, సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి. గ్రుద్ది పారిపోవు డ్రైవరు ఈ పడవలోనివాడే. జనము కొట్టుదురేమో అను భయము నిజమే. అట్లయితే దగ్గరి పోలీసు ఠాణాకు పోయి చెప్పవలెను, 108కి ఫోను చేయవలెను. ఫోను అందని అడవిలో రాబోవు మొదటి ఊరిలో చెప్పవలెను. దారిన పోవువారమైన మనకును యెరికో మార్గము జ్ఞాపకముండవలెను. గాయపడినవానికి సహాయము చేసినవారిని పోలీసులు వేధింపరాదని 2019 మోటారు వాహనముల సవరణ చట్టములో రక్షణ ఇయ్యబడినది. ప్రక్కగా పోయిన యాజకునికి ఉన్న సాకు కూడ మనకిప్పుడు లేదు.

సంఘము చేయవలసినది

ప్రియులారా, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగియునప్పటికి ఒంటిగంట. అప్పుడు జీపులోను డీసీఎం వ్యానులోను పిల్లలను కుక్కి, దినమంతయు పనిచేసిన డ్రైవరుచేత 40 కిలోమీటర్లు నడిపించుట ఏలాటి క్రొత్త సంవత్సరారంభము? త్రోయలో పౌలు ఆ రాత్రి ప్రసంగము ముగించి చీకటిలో వెళ్లలేదు, తెల్లవారిన తరువాతనే బయలుదేరెను. మందిరములో చాపలు పరచుడి. స్త్రీల సమాజమువారు టీ కాచుడి. ఉదయముననే పంపుడి. కూడికలకు సరుకు లారీలలోను ట్రాక్టరు ట్రాలీలలోను జనులను తీసికొనిపోవలదు. అది చట్టవిరుద్ధము, అపాయకరము. పెండ్లి బృందములకు రాత్రి తిరుగు ప్రయాణము పెట్టవలదు. హైవే ప్రక్కనున్న మందిరములు తమ ఆవరణలో ఒక బల్బు వెలిగించి, కుండలో నీళ్లుంచి, అలసిన డ్రైవరుకు రెండు గంటలు పండుకొను చోటియ్యవచ్చును. అతడు ఏ మతమువాడో అడుగవలదు. యజమానులైన సభ్యులతో సంఘకాపరియు డీకన్లును ప్రేమతో మాట్లాడవలెను.

ఇంటివారికిని ఒక మాట. ఫోనులో "ఎంతవరకు వచ్చినావు, త్వరగా రా" అని అడుగువారము మనమే. ఇకమీదట "నిద్ర వచ్చినచో ఆగు, తెల్లవారినాక రా, మేము చూచుచుందుము" అని చెప్పుదము. ఆ ఒక్క మాట లంగరు త్రాడువంటిది.

ఓడ చివరకు విరిగిపోయెను, సరుకు సముద్రము పాలయ్యెను; అయితే 276 మందియు దరి చేరిరి. దేవుని లెక్కలో లోడు పోయినను మనుష్యుడు మిగులవలెను.

ప్రార్థింతము: ప్రభువా, ఈ రాత్రి సిరోంచ అడవులలోను, నీవెరిగిన ప్రతి ఇరుకు దారిలోను బండి నడుపు మా కుమారులను, సహోదరులను కాపాడుము. ఆగవలసినచోట ఆగు బుద్ధి వారికిమ్ము. ఆపుమని చెప్పు ధైర్యము మాకిమ్ము. ఉదయమున వారిని ఇంటికి చేర్చుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.