ఆగమని చెప్పేది ఎవరు?

బ్రిటన్‌లో బానిసత్వం రద్దయిన కథ చెప్పేటప్పుడు ముందు విల్బర్‌ఫోర్స్ పేరే వస్తుంది. రావాలి కూడా. పార్లమెంటులో ఏళ్ల తరబడి ఓడిపోతూనే మళ్లీ మళ్లీ బిల్లు పెట్టి, 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధింపజేసిన మనిషి. అయినా నా మనసు లెస్టర్ పట్టణానికి చెందిన ఎలిజబెత్ హేరిక్ దగ్గరే ఆగిపోతుంది.

1807 చట్టం వ్యాపారాన్ని ఆపింది గానీ, కరీబియన్ చెరకు తోటల్లో అప్పటికే ఉన్నవాళ్లు బానిసలుగానే మిగిలిపోయారు. వాళ్ల విడుదల కోసం 1823లో లండన్‌లో ఒక సంఘం పుట్టింది. క్రమక్రమంగా విడిపించాలన్నది దాని లక్ష్యం. తొందరపడితే తోటల యజమానులు ఊరుకోరు, పార్లమెంటు వినదు, బానిసలే ఇంకా స్వేచ్ఛకు సిద్ధంగా లేరు అని పెద్దమనుషుల వాదన. మరుసటి ఏడాది హేరిక్ తన పేరు వేసుకోకుండా ఒక చిన్న పుస్తకం అచ్చువేయించారు. విడుదల తక్షణమే జరగాలని అందులో వాదించారు.

ఇంకో పదేళ్లు ఆగుదాం అని అనగలిగినవాడు ఎవడు? ఆ పదేళ్లూ కొరడా కింద గడపనక్కర్లేనివాడు. నా కష్టాన్ని నేను ఓర్చుకుంటే అది నా గుణం. ఎదుటివాడి కష్టం విషయంలో నేను ఓర్పు వహిస్తే, దాని ఖరీదు చెల్లించేది అతడు. దయగలవాళ్లు, చదువుకున్నవాళ్లు కూడా ఈ తేడా గమనించలేకపోవడం నన్ను చాలా కలవరపెడుతుంది. వాళ్లు క్రూరులైతే ఇంత ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు.

హేరిక్‌కు ఓటు లేదు. బానిసలు పండించిన పంచదార కొనవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పారు, అమ్మవద్దని దుకాణదారులను అడిగారు. ఆడవాళ్లు ఇలా తిరగడం విల్బర్‌ఫోర్స్‌కు నచ్చలేదు. 1830లో బర్మింగ్‌హామ్ మహిళా సంఘం, తక్షణ విముక్తికి ఒప్పుకోకపోతే తామిచ్చే 50 పౌండ్ల చందా ఆపేస్తామంది. లండన్ సంఘం ఆ ఏడే దారికొచ్చింది.

1831 అక్టోబరులో హేరిక్ కన్నుమూశారు. డిసెంబరులో జమైకాలో శామ్ షార్ప్ నాయకత్వాన బానిసలు పని మానేశారు. అది తిరుగుబాటుగా మారింది. షార్ప్‌ను 1832లో ఉరితీశారు. ఆగలేమని చెప్పే హక్కు అందరికన్నా ముందు ఉన్నది వాళ్లకే. హేరిక్‌ను ఎంత గౌరవించినా ఈ మాట మరవకూడదనుకుంటాను.

1833లో చట్టం వచ్చింది. యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ముట్టింది, విడుదలైనవాళ్లకు ఏమీ దక్కలేదు. పైగా అప్రెంటిస్‌షిప్ పేరుతో 1838 దాకా కరీబియన్ తోటల్లో చాలావరకు జీతం లేని చాకిరీయే. పెద్దమనుషుల నిదానం చివరికి చట్టంలోకీ చొరబడింది. తోటలకు కొత్త కూలీలు కావలసివచ్చి, 1834 నుంచి మారిషస్‌కు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. తర్వాతి ఏళ్లలో కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ అలా ఆ చెరకు తోటల్లోకే చేరారు.