ధాన్యలక్ష్మి ఎవరి సొత్తు?

దేవత ప్రసాదించిన సంపద పొందినవానికి సొంతమగునా, లేక వాని చేతికి అప్పగింత మాత్రమేనా? ఈ ప్రశ్న ప్రాచీన గ్రీకుల పురాణములందును, కోరాపుట్, రాయగడ కొండలయందును గలదు.

గ్రీకుల ధాన్యదేవత దిమీతర్. ఆమె ఎల్యూసిస్‌లో ట్రిప్టోలెమస్ అను యువకునికి విత్తనములిచ్చి, రథమెక్కించి, లోకమంతటను వెదజల్లి రమ్మని పంపెనట. ఆమె యిచ్చినది వండిన అన్నము కాదు, విత్తనము. అన్నము తిన్నవానితో తీరును. విత్తనము చేతులు మారినకొలది పెరుగును.

కోరాపుట్ జిల్లా పాత్రపుట్ గ్రామపు గిరిజన మహిళ కమలా పూజారి నూటికి పైగా దేశవాళీ వరి రకములను సేకరించి కాపాడినది. 2019లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూసినది. ఆమె కాపాడిన సంపదయు విత్తనమే.

దిమీతర్ కథకు మరియొక ముఖము గలదు. ఎరిసిక్తోన్ అనువాడు విందుశాల కట్టుకొనుటకై ఆమె పవిత్రవనమును నరికెను. ఆమె శాపముగా వానికి తీరని ఆకలి పట్టుకొనెను. ఎంత తినినను చాలక, తుదకు తన శరీరమునే కొరికి తినెనని రోమను కవి ఓవిడ్ చెప్పెను.

రాయగడ, కలహండి జిల్లాల నడుమనున్న నియమగిరిని డోంగ్రియా కొంధులు నియమరాజు నిలయముగా కొలుతురు. అడవి, సెలయేళ్లు, పండ్లు ఆయన ప్రసాదమని వారి విశ్వాసము. అచ్చట బాక్సైటు గని విషయమును 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకు విడువగా, పన్నెండు సభలును గని వలదనెను.

వరమిచ్చు దేవుని ఒప్పుకొనని జైనులకు ఈ కథలతో పనియేమని అడుగవచ్చును. దాత లేకున్నను ఋణము లేకపోదు. గింజ వెనుక నేల యున్నది, నీరున్నది, రైతు చెమటయున్నది, నాగలి క్రింద నలిగిన ప్రాణులున్నవి. శ్రావకుడు గైకొను పరిగ్రహ పరిమాణ వ్రతము ఈ ఋణమునకు హద్దు గీయును: ఇంతకుమించి నాది కాదని ముందే పలుకుట.

నిలువ చేయుట దోషమా? కాదు. కొట్టు లేనిదే కరవునాడు ఊరికి గింజ దొరకదు. అయితే ఆకలిగొన్నవానికై వేచియున్న బస్తా వేరు, వాని ఆకలి ముదిరి ధర పెరుగుటకై వేచియున్న బస్తా వేరు. రెండును ఒకే గిడ్డంగిలో, ఒకే లెక్కలో నుండవచ్చును. ఆ భేదము ఖాతాపుస్తకమునకు తెలియదు, వర్తకుని మనస్సునకే తెలియును.