ఇంటిచదువు - బడిచదువు

బిడ్డ యెవరి సొత్తు? తల్లిదండ్రుల సొత్తని కొందఱును, సంఘముయొక్క సొత్తని కొందఱును, దేవుని సొత్తని భక్తులును చెప్పుదురు. బిడ్డ యెవరి సొత్తును గాదనియు, కొంతకాలము మనయొద్ద నుంచబడిన నిక్షేపమనియు తలచువారు తక్కువ. పిల్లలను బడికి పంపవలెనా, ఇంటనే చదివింపవలెనా యను ప్రశ్న పైకి సౌకర్యమునకు సంబంధించినదిగా కనబడును గాని, దాని వేళ్లు ఈ మొదటి ప్రశ్నలోనే యున్నవి.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో చదువుకొన్న క్రైస్తవుల యిండ్ల ఈ ప్రశ్న ఇటీవల వినబడుచున్నది. బడిలో ప్రార్థన మఱియొక దేవతకు జరుగును. పండుగనాటి వేడుకలలో తమ పిల్లవాడు వేఱుగా నిలువవలసివచ్చును. తోడిపిల్లలు వాని మతమును గేలిచేయుదురు. మార్కుల పరుగులో శీలమును గూర్చి తలచువారు లేరు. ఇంతకన్న తల్లియొద్ద బైబిలును, తండ్రియొద్ద లెక్కలును నేర్చుకొనుట మేలు గాదా యని వారడుగుదురు. అమెరికాలో ఈ పద్ధతి బలముగా నాటుకొన్నది. 1993 నాటికి అచ్చటి యేబది రాష్ట్రములలోను అది చట్టసమ్మతమైనది. జర్మనీలో అది నిషిద్ధము. మన దేశమున ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బిడ్డను సమీపపు బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. పదునాలుగేండ్లు నిండినవారు బడికి పోకయే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి పదవతరగతి పరీక్ష వ్రాయవచ్చును. ఈ రెంటి నడుమ త్రోవ వెదకువారు వెదకుచునే యున్నారు.

వారి భయమును వట్టి మూఢత్వమని త్రోసివేయుట న్యాయము గాదు. సర్కారుబడి అందఱిదియే యని మనమందుము. కాని సంఖ్యలో నెక్కువవారి యలవాటు వారికి అలవాటుగా తోచదు. పీల్చు గాలివలె సహజముగా తోచును. దాని యొత్తిడి ఒంటరిగా నిలిచిన పిల్లవానికే తెలియును. సర్కారు గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన బడిలో, సంరక్షకుల సమ్మతి లేక యే బాలుని మతబోధకును పూజకును కూర్చుండబెట్టరాదని మన రాజ్యాంగముయొక్క 28వ అధికరణము శాసించుచున్నది. జాతీయగీతము పాడునపుడు మర్యాదగా లేచి నిలుచుండియు, తమ విశ్వాసమునుబట్టి నోరు విప్పని ముగ్గురు యెహోవాసాక్షుల బిడ్డలను కేరళలో బడినుండి తొలగింపగా, 1986 ఆగస్టులో సుప్రీముకోర్టు ఆ తొలగింపు చెల్లదని తీర్పుచెప్పెను. చట్టమింత చక్కగా నున్నది. అయినను చట్టము పుస్తకములో నుండును. గేలిచేయువాడు ప్రక్కబల్లమీద కూర్చుండును. బిడ్డ కన్నీరు తుడుచుటకు రోజును న్యాయస్థానమునకు పోలేము.

అయితే ఈ ప్రాంతపు క్రైస్తవులకు బడి యనగా నేమో తెలియుటకు కొంచెము వెనుకకు చూడవలెను. 1842 జూలై 31వ తేదీని అమెరికను లూథరను మిషనరీ హయ్యరుగారు గుంటూరు చేరి బడులు తెఱచిరి. ఆ మిషను పని తెనాలి, రేపల్లె ప్రాంతములకు వ్యాపించెను. బాపట్లలో అమెరికను బాప్టిస్టు మిషనువారు ఉపాధ్యాయుల శిక్షణపాఠశాలను నడిపిరి. అంతకుముందు మన యూళ్లలో చదువు లేకపోలేదు. వీధియరుగులమీద అయ్యవారు అక్షరములును ఎక్కములును చెప్పుచునే యుండిరి. వేదము తండ్రినుండి కొడుకునకు, వైద్యమును జ్యోతిషమును ఇంటిలో నొకరినుండి మఱియొకరికి సంక్రమించుచుండెను. కాబట్టి ఇంటిచదువు మనకు క్రొత్తగాదు. ఆ విద్య యింటిగోడలలో భద్రముగా నుండెను. అంత భద్రముగా నుండుటచేతనే మాలపల్లె బిడ్డకును మాదిగపల్లె బిడ్డకును దొరకకపోయెను. మిషనుబడి తెఱచిన తలుపునుండియే ఆ బిడ్డలలో వేలకొలది అక్షరముల వెలుతురులోనికి వచ్చిరి. నాడు గోడకు వెలుపల నిలిచినవారి మునిమనుమలు నేడు తమ బిడ్డలచుట్టు గోడ కట్టదలచుటలో చరిత్రయొక్క పరిహాసమున్నది. నేను వారిని పరిహసించుట లేదు. గోడ కట్టించునది భయము గనుక, ఆ భయము ఎంతవఱకు నిజమో తూచి చూడుడని యడుగుచున్నాను.

తూచుటకు తగిన త్రాసు మన చరిత్రలోనే యున్నది. పూర్వము ఈ భయమే హిందూ గృహస్థులను పీడించెను. మిషనుబడికి పోయిన పిల్లవాడు మన చేయి జాఱిపోవునని మన తాతలు వణకిరి. 1846లో మదరాసు గవర్నరగు ట్వీడ్డేలు ప్రభువు సర్కారుబడులలో బైబిలు పాఠము పెట్టింపదలచెను గాని, కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకొనలేదు. 1854వ సంవత్సరపు వుడ్డుదొర విద్యాలేఖ సర్కారుబడి మతవిషయమున తటస్థముగా నుండవలెనని నిర్ణయించి, బైబిలును బడిగ్రంథాలయమున ఉంచుటకు మాత్రము ఒప్పుకొనెను. నాడు తటస్థతను కోరినవారు హిందువులు; నేడు దానిని కోరువారు క్రైస్తవులు. కావున తటస్థత యే యొక్క మతమువారి కోరికయు గాదు. ఏ బడిలో ఎవరి బిడ్డ ఒంటరిగా నున్నదో వారికి కావలసిన రక్ష. ఇక ఆ వణకినవారి మాట యేమాయెను? తరతరములుగా హిందూబాలురు మిషనుబడులలో బైబిలుపాఠము వినిరి. విని, చాలమంది తాము పుట్టిన మతములోనే యుండిరి. నందమూరి తారకరామారావుగారు పట్టభద్రులైనది గుంటూరు ఆంధ్రక్రైస్తవ కళాశాలలోనే. ఆ చదువు ఆయనను తెరమీద రాముడును కృష్ణుడును గాకుండ ఆపలేదు. ఇంట వేరూనిన విశ్వాసమును బడిపాఠము పెకలించుట మనమనుకొన్నంత సులభము గాదు. ఇంట వేరూననిదానిని నిలుపుట బడి మానిపించినంత మాత్రమున సాధ్యమును గాదు.

ఇట్లన్నంతమాత్రమున బిడ్డను పూర్తిగా ప్రభుత్వమున కప్పగింపుమని నా యభిప్రాయము గాదు. బాపట్ల దాపుననే స్టూవర్టుపురము కలదు. నేరస్థజాతి యని ముద్రవేయబడిన యెఱుకలవారిని అచ్చట నివసింపజేసి, వారి పాలనమును సాల్వేషను ఆర్మీవారి కప్పగించిరి. 1911వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టము అట్టివారి పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలలలో నుంచు నధికారమును ప్రభుత్వమున కిచ్చినది. అదియు బిడ్డల మేలు పేరిటనే. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952లో, ఆ చట్టము రద్దయినది. తల్లియొడినుండి బిడ్డను లాగికొని నీకు చదువు చెప్పెద ననువాడు దొరయైనను పాదిరియైనను నేతయైనను, వానిని శంకింపవలసినదే. తల్లిదండ్రుల హక్కు నిజమైనది. అయితే అది నిక్షేపమును కాపాడువాని హక్కు. కాపాడువాడు నిక్షేపమును దాచవచ్చును గాని, అది తిరిగి యిచ్చుటకే తనయొద్ద నున్నదని మఱవరాదు. ఎవరికి తిరిగి యిచ్చుట? ఆ బిడ్డకే, పెరిగి పెద్దవాడై తన బుద్ధితో తాను నడచు దినమున.

క్రైస్తవుల గ్రంథమే ఈ విషయమున స్పష్టముగా మాటలాడుచున్నది. మోషేకు పాలిచ్చినది కన్నతల్లి. కాని యతడు ఫరో కూతురి యింట పెరిగి ఐగుప్తీయుల విద్య లన్నియు నేర్చెను. ఆ విద్య అతనిని ఐగుప్తీయుని చేయలేదు. తల్లిపాలతో వచ్చినదేదో అతనియందు నిలిచెను. దానియేలును అతని చెలికాండ్రును బబులోనులో కల్దీయుల భాషయు శాస్త్రములును అభ్యసించిరి. రాజుగారి భోజనమును మాత్రము ముట్టమనిరి. ఏది నేర్చుకొనదగినదో, ఏది తిరస్కరింపదగినదో వారికి తెలిసియుండెను. ఆ తెలివి వారికి ఇంటినుండి వచ్చినదే యని వేఱుగ చెప్పనక్కఱలేదు. పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు, ప్రశ్నలడుగుచు తల్లిదండ్రులకు కనబడెను. పిదప వారితో ఇంటికి పోయి వారికి లోబడియుండెను. ఇల్లు, వెలుపలి సభ - ఈ రెండును ఆ బాలునికి కావలసివచ్చెను. తైత్తిరీయోపనిషత్తును తల్లిని, తండ్రిని, పిమ్మట ఆచార్యుని వరుసగా పూజింపుమన్నది; ఒకరికి మాఱుగా మఱియొకరిని పెట్టలేదు.

ఇంటి యావరణము దాటిన విద్య యేమి చేయగలదో తెలుగునాట చూపినవారు జాషువగారు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టి, గుంటూరిలో లూథరను శిక్షణపాఠశాలయం దుపాధ్యాయులై, పిదప సర్కారుబడిలో తెలుగుపండితులైరి. పురాణములును ప్రబంధములును మన మతమువి గావని ఆయన దూరముగా నుంచినయెడల, కాశీనాథునికి అస్పృశ్యుని మొఱను మోసికొనిపోవు గబ్బిలము మనకు లేకపోయెడిది. ఆ ఛందస్సులోనే ఆయన క్రీస్తుచరిత్రయు వ్రాసిరి. దానికి 1964లో కేంద్రసాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినది. పరుల విద్య నేర్చినవాడు తన విశ్వాసమును పరులు చెవియొగ్గు భాషలో చెప్పగలిగెను. గోడలోపల పెరిగినవానికి ఈ శక్తి యబ్బుట కష్టము.

మఱియొక సంగతి. ఇంటిచదువు చెప్పగల యిల్లేది? చదువుకొన్న తల్లి, తీరిక, పుస్తకములు, వానిని కొనుటకు ధనము గల యిల్లు. రేపల్లె పొలములలో నాట్లకు పోవు తల్లికి, బాపట్ల తీరమున వలలాగు తండ్రికి బడి తప్ప వేఱు దిక్కులేదు. వారి పిల్లలును ఆ దేవుని బిడ్డలే, ఆ సంఘములోని వారే. చదువుకొన్నవారు తమ పిల్లలను మరలించుకొన్న నాడు, బడిలో నీరు లేదని, పంతులు రాలేదని, బిడ్డను కులముపేరిట పిలిచిరని నిలదీయగల నోళ్లు కూడ వారితో వెడలిపోవును. నోరులేనివారి బిడ్డలు మిగులుదురు. తన బిడ్డను కాపాడుకొనుట ధర్మమే. పొరుగువాని బిడ్డను విడిచి కాపాడుకొనుట క్రీస్తు చెప్పిన ధర్మమేనా యని వారే యోచింతురు గాక.

ఇంటిచదువునకు తగిన పెద్దపాఠ మొకటి బడిగడపమీదనే యున్నది: చేరికపట్టికలో మతమను గడి. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము హిందూమతమునకు వేఱైన మతము నవలంబించువారు షెడ్యూల్డు కులస్థులుగా పరిగణింపబడరు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును మినహాయింపు కలిగినది, క్రైస్తవులకు కలుగలేదు. అట్టి కులములనుండి క్రైస్తవులైనవారికి మన రాష్ట్రము వెనుకబడిన తరగతులలో సి వర్గమున నూటి కొక పాలు మాత్రము కేటాయించినది. అందుచేత ఆదివారము చర్చిలో పాడు బిడ్డ పేరున సోమవారము బడిలో హిందువని వ్రాయించు తండ్రులు కలరు. వారిని నిందించుటకు ముందు, మతము మాఱినను కులము వెంటనంటి వచ్చుచుండగా, సహాయము మాత్రము వెనుక నిలిచిపోవుట న్యాయమా యని మనమందఱము ఆలోచింపవలెను. అయినను బిడ్డ చూచుచున్నది. ఛాందోగ్యోపనిషత్తులో జాబాల తన కొడుకునకు తండ్రి యెవరో తానెఱుగనన్న సత్యమును దాచక చెప్పెను. ఆ సత్యమునే సత్యకాముడు గురువు ముందఱ చెప్పగా, గౌతముడు వానిని శిష్యునిగా స్వీకరించెను. ఇల్లు సత్యము చెప్పుట నేర్పినది. ఆశ్రమము సత్యము చెప్పినవానికి చోటిచ్చినది. ఇంటికిని బడికిని ఉండవలసిన సంబంధము ఇంతకన్న చక్కగా మఱెచ్చటను చెప్పబడలేదు. సత్యము చెప్పిన తండ్రి నష్టపోవు బడిగడపను మాన్పుట రాజ్యముయొక్క పని. నష్టమైనను బిడ్డకు రెండు నాలుకలు నేర్పకుండుట యింటి పని.

కొన్ని యెడల బిడ్డను కొంతకాలము ఇంటనుంచుట తప్పు గాదు. రోగియైన బిడ్డ, హింసకు గుఱియై కుంగిపోయిన బిడ్డ, మొఱ వినువారు లేని బడిలో చిక్కిన బిడ్డ - వీరికి ఇల్లే గతి. లేతమొక్కచుట్టు కంప నాటుట రైతుకు తెలిసిన పనియే. మ్రానైన తరువాతను కంప తీయనివాడు రైతు గాడు. కడమవారు బిడ్డను బడికి పంపుదురు గాక. పంపి, సాయంకాలము దీపము పెట్టిన వేళ ఇంట తమ బడి తెఱతురు గాక. ఈనాడు బడిలో ఏమి విన్నావు, అందులో నీకేమి నచ్చినది, ఏమి నచ్చలేదు అని అడుగు తండ్రి గలబిడ్డకు ఏ బడియు కీడు చేయజాలదు. అడుగని తండ్రి గలబిడ్డను ఏ ఇల్లును కాపాడజాలదు.

తక్కిన మాట మనలో నెక్కువ సంఖ్యలో నున్నవారికి, ముఖ్యముగా నాతోడి యుపాధ్యాయులకు. క్రైస్తవుడు బిడ్డను బడినుండి మరలించుకొనెనేని, అతని సంకుచితత్వమును గూర్చి ఉపన్యసించుటకు ముందు మన తరగతిలోనికి తొంగిచూతము. ప్రార్థనవేళ కండ్లు మూసికొని మౌనముగా నిలిచిన ఆ యొక్క పిల్లవాని ప్రక్కన ఎవరైనను స్నేహముతో నిలిచిరా? వాని పండుగ ఎప్పుడో తరగతిలో ఎవరికైనను తెలియునా? అందఱి బడియని గుమ్మముపై వ్రాయుట సులభము. లోపల నున్న అందఱిలో చిన్నవాడు, ఒంటరివాడు దానిని చదివి నమ్మినప్పుడే ఆ మాట నిజమగును.