మీట నొక్కిన చేయి

రోబోలతోను జీవకణాలతోను కళాఖండాలు రూపొందించే బ్రెజిల్ కళాకారుడు ఎడువార్డో కాట్స్ 1999లో ‘జెనిసిస్’ను ప్రదర్శించారు. ఆదికాండములో మానవునికి జీవరాశులపై అధికారమిచ్చిన వాక్యాన్ని మోర్స్ సంకేతాలుగా, వాటిని డి.ఎన్.ఏ. అక్షరాలుగా మార్చి, ఆ జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెట్టారు. ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా అతినీలలోహిత దీపాన్ని వెలిగించగలిగేవారు. ఆ కాంతికి బాక్టీరియాలోని జన్యువు మారవచ్చు. ప్రదర్శన ముగిశాక తిరిగి చదివితే వాక్యంలో అక్షరాలు మారిపోయి ఉన్నాయి.

దైవదూషణ అని కోపించడం సులువే. కాని ఎక్కడో దూరాన కూర్చుని, కేవలం కుతూహలంతో మీట నొక్కినవాడు బాధ్యుడా, కాడా? బాధ్యుడే. దేవుడిచ్చిన అధికారం గృహనిర్వాహకునిది. యజమానునికి లెక్క అప్పజెప్పాలి. దూరం ఆ లెక్కను కొట్టివేయదు. కనుక మీట నొక్కకముందే ఆలోచిద్దాం.