ఊరొక్కటే చెప్పడం కుదురుతుందా?

మా కోనసీమలో "ఏ ఊరండీ?" అన్నది ఒంటరి ప్రశ్న కాదు. దాని వెనకే "ఇంటిపేరేంటి?", "ఎవరి తాలూకు?" అన్నవి వస్తాయి. వాటితోనూ తేలకపోతే నాలుగోది: "మీరేవిట్లు?" అడిగేవాళ్ళు చాలా మర్యాదగానే అడుగుతారు, "అండి" ఎక్కడా తగ్గదు. సమాధానం విన్నాక మాత్రం ఆ మర్యాద కాస్త పెరగొచ్చు, కాస్త తగ్గొచ్చు. ఊరి పేరు ఒక్కటీ చెప్పి ఊరుకుంటే "ఊళ్ళోనా, పేటలోనా?" అన్న సందేహం మిగిలే ఉంటుంది. ఊరు అనే మాటలో పేట కలవదని మాకు బడికి వెళ్ళకముందే తెలుసు.

ఈ సంగతి నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది మాత్రం ఇక్కడ కాదు, దక్షిణాఫ్రికాలో. నాటాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీల మీద థీసిస్ కోసం 2022లో కొన్ని నెలలు డర్బన్‌లో ఉన్నాను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో అనే ఓడ ఆ రేవులో ఆగింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడ దిగారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. అయిదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం. 1895 చట్టం తర్వాత వచ్చినవాళ్ళు గడువు ముగిశాక అక్కడే ఉండిపోదామంటే ఏడాదికి 3 పౌన్ల పన్ను.

గోదావరి జిల్లా నుంచి కూడా వెళ్ళారంటే మా వాళ్ళు వింతగా చూస్తారు. 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కదా, కాలవలు వచ్చాయి కదా, ఇక వెళ్ళాల్సిన అవసరమేమిటి అంటారు. కాలవ నీళ్ళు ముందు పొలం ఉన్నవాళ్ళ చేలోకే వెళ్ళాయి. పొలం లేనివాళ్ళలో చాలామంది రంగం పోయారు. కొద్దిమంది మద్రాసు దాకా పోయి నాటాల్ ఓడెక్కారు.

అక్కడ యూనివర్సిటీలో నాకు దగ్గరైన జూలూ స్నేహితురాలు ఒకామె ఉండేది. వాళ్ళలోనూ కొత్త మనిషి కనబడగానే ఇంటిపేరు అడుగుతారు. దాన్ని ఇసిబోంగో అంటారు. ఒకే ఇసిబోంగో ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదు, మన ఇంటిపేర్ల లాగే. కానీ పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు ఆ వంశపు పొగడ్త పేర్లు వరసగా చదువుతారు. వాటిని ఇజితకజెలో అంటారు. నిన్ను పలకరించడానికి నీ పూర్వీకులను పలకరించడమన్నమాట. "మీ దగ్గర ఇంటిపేరు చెప్పాక ఏమంటారు?" అని ఆమె అడిగింది. "అంచనా వేస్తారు" అన్నాను. అంతకంటే మెరుగైన మాట తోచలేదు.

నేను చదివింది ముఖ్యంగా ఓడల జాబితాలు. జాయ్ బ్రెయిన్ అనే చరిత్రకారిణి పూనికతో అవి కంప్యూటర్లోకి ఎక్కాయి కాబట్టి వెతకడం తేలికైంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు. మనిషి మొత్తం ఆ గడుల్లో సర్దుకోవాలి.

ఛాట్స్‌వర్త్‌లో ఉండే ఒక పెద్దావిడతో చాలాసార్లు మాట్లాడాను. చుట్టూ అందరూ ఆంటీ అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంటిపేరు నాయుడు. ఆవిడకి తెలుగులో మిగిలినవి పది పదిహేను మాటలు, వాటిలో గోవింద ఒకటి. వాళ్ళ ముత్తాత గోదావరి వైపు పెద్ద రైతనీ, అన్నదమ్ముల తగాదాలో అలిగి ఓడెక్కాడనీ ఇంట్లో చెప్పుకునేవారట. తన దగ్గరున్న తాతగారి పుట్టుక కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. దాని మీద ముత్తాత నంబరు ఉంది. "నీకు నా దగ్గర్నించి చాలా కావాలి. నాకు నీ దగ్గర్నించి ఒక్కటే కావాలి. మా ఊరు ఏదో చెప్పు" అంది.

నంబరు ఉంది కాబట్టి మే మొదట్లోనే వరస దొరికింది. వయసు 22. జిల్లా గోదావరి, తాలూకా అమలాపురం. ఊరి పేరు ఇక్కడ రాయను. మా ఇంటికి అది పెద్ద దూరం కాదు. ఎడమ కాలి పిక్క మీద మచ్చ. కులం గడిలో నాలుగే ఇంగ్లీషు అక్షరాలు: మాల.

ఆవిడ అడిగింది ఊరు. కులం అడగలేదు. ఊరొక్కటే చెప్పి ఊరుకోవచ్చా?

పరిశోధన మొదలుపెట్టే ముందు నీతినియమాల పత్రం ఒకటి నింపాలి. ఎదుటివాళ్ళ అనుమతి తీసుకున్నావా, నీ ప్రశ్నల వల్ల వాళ్ళకి బాధ కలుగుతుందా, పేర్లు దాస్తావా, ఇలాంటివన్నీ అడుగుతారు. మంచి ప్రశ్నలే. అయితే అవన్నీ నేను వాళ్ళ దగ్గర తీసుకునేదాని గురించి. నేను వాళ్ళకి ఇచ్చేదాని గురించి అందులో ఒక్క గడీ లేదు. తోటి విద్యార్థుల్లో ఒకరు "అడగనిది చెప్పకు. ఎనభయ్యేళ్ళకు దగ్గరపడ్డ మనిషి, ఉన్న కథతో ప్రశాంతంగా ఉంది" అన్నారు. ఇంకొకరు "పత్రం ఉన్నదున్నట్టు చూపించు, అంతే" అన్నారు. రెండోది తేలిగ్గా కనిపిస్తుంది గానీ, ఆ పత్రమే ఉన్నదున్నట్టు కాదు. మద్రాసు డిపోలో గుమాస్తా రాసుకున్నది అది. తోటల యజమానులకి బ్రాహ్మలు అక్కర్లేదు, పొలం పని తెలిసినవాళ్ళు కావాలి. అందుకని కులం మార్చి చెప్పినవాళ్ళున్నారు. ఓడ దిగాక మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. జాబితాలో ఒంటి పేరుతో ఉన్నవాడి పిల్లలు రెండో తరానికి నాయుళ్ళయ్యారంటే అది మోసమనడానికి నాకు నోరు రాదు. పాత పేరు వాళ్ళ మెడకి ఎవరు కట్టారో తెలిసినవాళ్ళం కదా.

మొదటి సలహా దగ్గరే నేను ఎక్కువ ఆగాను. ఎందుకంటే అది దయగా ఉంది. ఆవిడ ముత్తాత కమ్మరి అని ఉంటే, సాలె అని ఉంటే, చెప్పాలా వద్దా అని ఇంత తర్జనభర్జన పడేదాన్నా? పడేదాన్ని కాదు. సరదాగా చెప్పేసేదాన్ని. మాల అన్న మాట దగ్గరే "పాపం, బాధపడుతుందేమో" అని ఆగుతున్నానంటే, ఆ మాట వింటే బాధపడి తీరాలని నేనే ముందు ఒప్పుకుంటున్నట్టు. నేను పేటలో కాదు, ఊళ్ళో పుట్టినదాన్ని. ఊళ్ళో పుట్టినవాళ్ళ దయకి ఇలాంటి గుణం ఒకటి ఉంటుంది. అవతలివాళ్ళ పుట్టుకని దాచిపెట్టాల్సిన సంగతిగా చూస్తూనే, అది వాళ్ళ మేలు కోసమే అనుకుంటుంది.

ఇంతలో మే 24 వచ్చింది. ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడానికి వ్యతిరేకంగా అమలాపురంలో జరిగిన ఆందోళనలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటికి వీడియో కాల్ చెయ్యడానికి లేదు, మామూలు ఫోనులో అమ్మ గొంతు మాత్రం వినిపించింది. ఆంటీ ఎక్కడో ఆ వార్త చూసి "మీ ఊరే కదా? ఎందుకు?" అని అడిగింది. ఒక పేరు పెట్టినందుకు అన్నాను. "ఎవరి పేరు?" అంది. చెప్పాను. "ఆయన మీ రాజ్యాంగం రాసినాయన కదా?" అంది. అవునన్నాను. ఆ తర్వాత ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలంటే కులం గడి గురించి చెప్పకుండా ఒక్క వాక్యం కూడా ముందుకు నడవదు.

అప్పుడే నాకు స్పష్టమైంది. ఊరొక్కటే చెప్పడం అసలు కుదిరే పని కాదు. రేపు ఆవిడ ఆ ఊరు వెతుక్కుంటూ వచ్చి రచ్చబండ దగ్గర దిగితే, "మా ముత్తాతది ఈ ఊరే" అంటే, ఎటు చూపిస్తారు? ఇంటిపేరు అడుగుతారు. నాయుడు అంటే ఒక వీధి చూపిస్తారు, అక్కడ ఆయన్ని ఎరిగిన ఇల్లు ఉండదు. ఆయన పుట్టిన ఇంటికి దారి పేటలోంచి వెళ్తుంది. కులం దాచి ఊరు ఇస్తే ఇచ్చినట్టు కాదు, దారి తప్పించినట్టు.

జూన్‌లో ఆ వరస మొత్తం అచ్చు తీసి తీసుకెళ్ళాను. ఏ గడి ఎవరు నింపారో, దేన్ని ఎంతవరకు నమ్మొచ్చో ముందే చెప్పాను. ఆవిడ వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుంటూ వెళ్ళి "ఈ మాటేంటి?" అని ఆగింది. చెప్పాను. ఎక్కడ ఉండమన్నారో, ఏ నూతిలో నీళ్ళు తోడనివ్వలేదో, ఏ గుళ్ళోకి రానివ్వలేదో. ఆవిడకి పోలిక వెతికిపెట్టాల్సిన పని పడలేదు. 1950 నాటి జనాభా రిజిస్ట్రేషన్ చట్టం కింద, అది 1991లో రద్దయ్యేదాకా, ఆవిడ జాతి కూడా ఒక గడిలోనే ఉండేది. ఆ గడిని బట్టే వాళ్ళ కుటుంబాన్ని కాటో మేనర్ నుంచి ఖాళీ చేయించి ఛాట్స్‌వర్త్‌కి పంపారు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా అబ్బాయి పెళ్ళప్పుడు పిల్లవాళ్ళు నిజంగా నాయుళ్ళేనా అని అడిగించింది నేనే." కాసేపాగి మళ్ళీ: "మా వాళ్ళకి నువ్వు చెప్పొద్దు. చెప్తే నేనే చెప్తాను." ఆ కాగితంలో ఆవిడ ఎక్కువసేపు చూసింది మాత్రం కులం గడి కాదు, ఆఖరి గడి. కాలి పిక్క మీద మచ్చ ఎలా పడి ఉంటుందో నన్ను రెండుసార్లు అడిగింది.

నా థీసిస్‌లో ఆవిడ పేరు లేదు, ఆ ఊరి పేరూ లేదు. చెప్పిందో లేదో ఆవిడ కుటుంబానికీ ఆవిడకీ తెలుసు. నిజం చెబితే అందరికీ మేలే జరుగుతుందని నేననడం లేదు. ఆవిడ రాత్రి నిద్రపోకపోయి ఉండొచ్చు, ఆ ఇంట్లో కొన్ని మాటలు ఆగిపోయి ఉండొచ్చు. నేననేది ఇంతే: ఆ వరస ఆవిడది. దాన్ని ఏం చెయ్యాలో తేల్చుకునే హక్కూ ఆవిడదే. ఆ ముత్తాత పేరు, కులం, ఒంటిమీది మచ్చ అన్నీ ఒక గుమాస్తా తనకి తోచినట్టు రాసుకున్నాడు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత, ఆయన మనవరాలి బిడ్డ ఏది తెలుసుకోవాలో ఏది అక్కర్లేదో నేను తేలిస్తే, ఆ గుమాస్తా పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే అవుతుంది.